అనుమానం మేస్త్రి గీకిన గోడ

రంగుల మేస్త్రి ఎవరి మాటా ఒక్కసారికి నమ్మడు. డబ్బా కొంటే కొట్లోనే మూత తీయించి, అడుగుదాకా పుల్ల పెట్టి కలిపి చూస్తాడు. ఆకాశం ఎంత తేటగా ఉన్నా, ఎదురింటివాళ్ళు బట్టలు ఆరేశాకే బయటి గోడ మొదలుపెడతాడు. నలభై ఏళ్ళుగా ఊరి చివరి పేటలో అతని పేరు అనుమానం మేస్త్రి. "పెళ్ళికి ముందు నన్ను గోరుతో గీకి చూడలేదు, నయం" అంటుంది భార్య.

గీకడం అతని పనిలో భాగం. పాత ఇల్లు ఒప్పుకునే ముందు తలుపు చాటున అరచేయంత మేర గీకి, ఎన్ని పూతలున్నాయో చూస్తాడు. పూతలు మందమైతే కొత్త రంగు నిలవదు, పెచ్చులు లేస్తుంది. అప్పుడు మాట పడేది మేస్త్రే.

కిందటేడు వానలు వెనకబట్టాక లారీల ఓనరు కబురుపెట్టాడు. రైలు గేటు అవతల పెంకుల వసారా ఉన్న పాత ఇంటిని అతను కొని ఆరు నెలలైంది. మేస్త్రికి ఆ ఇల్లు కొత్త కాదు. మూరెడు మందం గోడలు, పైన గాలి కిటికీలు, చెక్క దూలాలు, అరిగి అద్దంలా మెరిసే ఎర్రగచ్చు. ముందు గది తలుపు చాటున గీకితే ఓనర్ల వరస మొత్తం తేలింది. అడుగున తెల్లసున్నం ఇల్లు కట్టించిన కలప వ్యాపారిది. దాని మీద ఆకుపచ్చ, ఆపైన ఒక వింత గులాబి రిటైరైన స్టేషను మాస్టరివి. అన్నిటికీ పైన ఉన్న నీలం ఫొటో స్టూడియో ఆయనది. వసారాకు ఇనుప ఊచల తలుపు పెట్టించిందీ ఆయనే. ఆయన పోయాక పిల్లలు లారీల ఓనరుకు అమ్మేశారు.

వెనక సందులో, అతను ఏనాడూ తొంగిచూడని వైపు, ఇంటిని ఆనుకుని ఒక గది ఉంది. కప్పు తక్కువ ఎత్తు, గోడ పలచన. అందులో ఒక కుట్టుపనావిడ, ఆవిడ మిషను, గోడకు వేలాడే జాకెట్లు.

"ముందు వైపు పైపైన లాగించెయ్. వెనక గది మాత్రం ఇటుక కనబడేదాకా గీకించు. బుధవారానికి అయిపోవాలి" అన్నాడు ఓనరు.

గీకడానికి వేరే కూలి అవుతుందని మేస్త్రి చెప్పాడు. అయితే అవనీ అన్నాడు ఓనరు. మేస్త్రికి అక్కడే అనుమానం తగిలింది. నలభై ఏళ్ళలో గీకించుకోవయ్యా అని తనే బతిమాలాడు తప్ప, గీకమని అడిగిన ఓనరును చూడలేదు. అదీ తన మనిషి ఉండని గదికి.

సందులోకి వెళ్తే కుట్టుపనావిడ గడపకు అడ్డంగా నిలబడింది. గురువారం సర్వేయరు వస్తాడని, ఆ గది ఎప్పటిదో తేల్చి రాసుకుపోతాడని ఆవిడే చెప్పింది. స్టేషను మాస్టరు బతికుండగా తన తల్లి ఆ గదిని కొనుక్కుందట. మాస్టరు తెల్లకాగితం మీద రాసిచ్చాడు, రిజిస్ట్రీ కాలేదు. కాగితం దొంగదనీ, ఆ గది పన్నెండేళ్ళ కిందట ఫొటో ఆయన సామాన్లకు కట్టించుకున్నదనీ, ఈవిడ కాపలాకు చేరి పాతుకుపోయిందనీ లారీల ఓనరు వాదన. గది అంతకన్నా పాతదని తేలకపోతే ఆవిడ మిషను వీధిలో పడుతుంది.

మేస్త్రి ఆవిడనూ నమ్మలేదు. ఆవిడ తీసి చూపించిన కాగితం మడతలు మరీ పొందిగ్గా ఉన్నాయనిపించింది.

"తలుపు చాటున ఒక్క అరచేయంత గీకి చూస్తానమ్మాయ్."

"ఆయన మనిషివి నువ్వు. ఇవాళ అరచేయంటావు, రేపు గోడంటావు."

"నేనెవరి మనిషినీ కాను. నువ్వు చెప్పేది నిజమైతే నీకు భయమెందుకు?"

చివరికి ఆవిడ కత్తెర చేతిలో పట్టుకునే పక్కకు జరిగింది.

పైన సున్నం. దాని కింద లేత నీలం. మళ్ళీ సున్నం. ఆ కింద తగిలిన రంగు చూసి మేస్త్రి గీకే రేకు ఆపేశాడు. ఇంకాస్త గీకితే దాని అడుగునా ఒక సున్నప్పూత ఉంది. ఎన్ని పూతలో చూసుకోమంటే కుట్టుపనావిడ వంగి చూసింది, ఏమీ అర్థం కాలేదు. అతను రేకు సంచిలో పడేసుకున్నాడు.

ఆ రంగు అతనిదే. ఇరవై రెండేళ్ళ కిందట స్టేషను మాస్టరింటికి గులాబి రంగు కలుపుతూ, పొరపాటున గచ్చుకు వాడే ఎర్రపొడి గుప్పెడు వేసేశాడు. మాస్టరుగారి భార్య చూసి, "ఇదేం రంగు మేస్త్రీ, పళ్ళ చిగుళ్ళలా ఉంది" అంది. మంచి మనిషి గనక ఉండనీ అంది. ఊళ్ళో ఇంకెక్కడా ఆ రంగు లేదు. రెండోసారి కలపకుండా తనే జాగ్రత్తపడ్డాడు. మిగిలిన అర డబ్బా మాత్రం, అయిపోయిందని చెప్పి సంచిలో పెట్టుకున్నాడు. వీధి మలుపులో కుట్టుపని చేసే ఒక పెద్దావిడకిచ్చి రెండు చొక్కాలు కుట్టించుకున్నాడు. ఆవిడ ఎక్కడుంటుందో, ఏ గోడకు వేస్తుందో అడగలేదు. చేతిలో సరుకు వదిలితే చాలనుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు.

"ఆ చొక్కాలు ఎలా వచ్చాయని అప్పుడే అడిగాను. రంగుల కొట్టువాడు ఇచ్చాడన్నారు. ఇన్నేళ్ళూ పేటలో ఒక్కణ్ణి తప్ప అందర్నీ అనుమానించారు."

బుధవారానికి ముందు వైపు పని ముగించాడు, తలుపు చాటున గీకిన చోటు మాత్రం వదిలేసి. వెనక గోడకు చెమ్మ ఉంది, గీకితే కూలుతుందని ఓనరుకు అబద్ధం చెప్పాడు. ఓనరు నమ్మలేదు గానీ, అప్పటికప్పుడు వేరే మేస్త్రి దొరకలేదు.

గురువారం మేస్త్రి కూడా అక్కడ ఉండగా సర్వేయరు టేపు పట్టుకుని గదంతా కొలిచాడు. తలుపు చాటున గీకిన చోటు చూసి ఇదేమిటన్నాడు.

మేస్త్రి ముందు గదిలో గీకిన చోటు కూడా చూపించి, రెండు చోట్లా ఉన్నది ఒకే రంగన్నాడు. గులాబి రంగు ఏ గోడకైనా ఉంటుందన్నాడు ఓనరు.

"ఇది గులాబి కాదు సార్, నా పొరపాటు. ఇంకెక్కడా లేదు. మాస్టరుగారింట్లో మిగిలింది నేనే కాజేసి, ఈ అమ్మాయి తల్లికిచ్చాను."

ఓనరు నవ్వాడు. "విన్నారుగా, దొంగనని వాడే ఒప్పుకుంటున్నాడు. దొంగ మాట రాసుకుంటారా?"

సర్వేయరు ఇద్దర్నీ నమ్మనట్టే చూశాడు. ఆ రంగు దాచి ఈమధ్య వేసి ఉండొచ్చుగా అని మేస్త్రిని నిలదీశాడు. నీళ్ళు కలిపిన రంగు నెల దాటితే కుళ్ళిపోతుందన్నాడు మేస్త్రి. సర్వేయరు తన తాళంచెవితో తనే ఇంకోచోట గీకాడు. అక్కడా అదే వరస.

"మేస్త్రి దొంగే అనుకుందాం. పన్నెండేళ్ళ గోడకి ఇరవై రెండేళ్ళ కిందటి దొంగసొత్తు ఎలా అంటుకుందండీ?" అని ఓనరును అడిగాడు.

గది మాస్టరు కాలం నాటిదేనని సర్వేయరు రాసుకున్నాడు. మేస్త్రి చేత సంతకం పెట్టించాడు, కాజేసిన సంగతితో సహా.

కుట్టుపనావిడ ఇప్పటికీ అదే గదిలో ఉంది. తలుపు చాటున గీకిన చోటుకు మాత్రం రంగు వేయించలేదు. మేస్త్రి అడిగితే, "మళ్ళీ ఎవరైనా వస్తే?" అంది.

పేటలో మేస్త్రికి పనులు తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు ఇంటివాళ్ళు పొద్దున్నే డబ్బాలు లెక్కపెట్టి ఇస్తున్నారు, సాయంత్రం మూతలు తీసి చూస్తున్నారు. మొన్న ఒకావిడ అలా చూడకుండానే సరేనంటే, మేస్త్రి నిచ్చెన కింద పెట్టి ఆగిపోయాడు.

"పుల్ల పెట్టి చూడండమ్మా" అన్నాడు.