రాసే చెయ్యి, ప్లగ్గు లాగే చెయ్యి

1965 డిసెంబరులో నన్ను ఇంజనీరింగ్ సూపర్‌వైజర్‌గా అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వేశారు. బెల్లం మార్కెట్టు జోరుగా ఉండే రోజులు. ఉదయం వేలంపాట ముగియడం ఆలస్యం, వ్యాపారులందరూ ఒక్కసారే విశాఖపట్నానికి ట్రంకు కాల్ అడిగేవారు. ఉన్నవి రెండే లైన్లు. బుక్ చేసి, ఇంటికెళ్ళి భోంచేసి, కునుకు తీసి వచ్చినా కాల్ కలిసేది కాదు. మూడో లైను ఇమ్మని రాస్తే, ముందు లోడు, అంటే లైన్ల మీద రద్దీ, ఎంతుందో కొలిచి పంపమని పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది.

కొలవడానికి ఒక ఫారం కూడా పంపారు. దాన్ని తయారుచేసిన మహానుభావుడు స్విచ్‌బోర్డు ముందు ఒక్క పూటయినా కూర్చుని ఉండడని ఇప్పటికీ నా నమ్మకం. ప్రతి కాల్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కలిసింది, ఎప్పుడు ముగిసింది, ఆ క్షణాన ఇంకా ఎందరు కాచుకుని ఉన్నారు, ఇవన్నీ ఆపరేటరే పని చేస్తూ రాయాలి. అలా వారం రోజులు.

మా ఆపరేటర్ సత్యవతి కశింకోట రైతుబిడ్డ. చురుకైన మనిషి. ఆమెకు ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. మాటలు ముగియగానే బోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది. ఆపరేటర్ వెంటనే ప్లగ్గు లాగితేనే ఆ లైను మరొకరికి దొరుకుతుంది. ఈ కాగితంతో పని సాగడం లేదని ఆమె రెండో రోజే వచ్చి చెప్పింది. ఆర్డరు ఆర్డరేనని కసిరాను. వారాంతంలో ఫారాలు సరిగా చూడకుండానే సంతకం పెట్టి పంపేశాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కలిసిన కాల్స్ తక్కువ కాబట్టి లోడు తక్కువ, మూడో లైను అక్కర్లేదన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా దానికో మెమో కూడా జతచేశారు: మాటలు ముగిశాక లైన్లను ఊరికే ఉంచిన ఆపరేటర్ సంజాయిషీ ఇవ్వాలి. అది నచ్చకపోతే మెమో సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఆమె ఉద్యోగం ఖాయం కాదు.

మెమో చదివి సత్యవతి ఏడవలేదు. "అప్పుడే సెప్పేను సార్. మీరు ఇన్లేదు," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు ఫారానిదని రెండుసార్లు రాశాను. ఫారం గురించి కాక ఆపరేటర్ గురించి రాయమని రెండుసార్లూ తిరుగు టపాలో జవాబొచ్చింది. గోడకి చెప్పుకున్నా కాస్త నయం.

జనవరిలో డివిజనల్ ఇంజనీరుగారు తనిఖీకి వచ్చారు. నేను సత్యవతికి మళ్ళీ ఆ ఫారమే ఇచ్చి, వేలంపాట ముగిసే వేళకు ఆయన్ని బోర్డు దగ్గర కూర్చోబెట్టాను. కాసేపటికి ఆయనకే విశాఖపట్నంతో మాట్లాడవలసిన పని పడింది. రెండు లైన్లూ ఖాళీ లేవు. ఇంతలో ఒక దీపం వెలిగింది. సత్యవతి రాస్తూనే ఉంది. దీపం కనబడటం లేదా, లాగమని ఆయన గద్దించారు.

ఆమె కలం కింద పెట్టకుండానే అంది: "రాసే సెయ్యీ, ప్లగ్గు లాగే సెయ్యీ ఒకటేనండి. ఏది ముందంటే అదే సేత్తానండి."

ఆయన ఫారం ఆమె చేతిలోంచి తీసుకుని నా చేతిలో పెట్టారు. ఆ వారమంతా బోర్డు వెనక స్టూలు మీద కూర్చుని నేనే రాశాను. మెమో రద్దయింది, సత్యవతి ఉద్యోగం ఖాయమైంది, మరుసటి సీజనుకు మూడో లైను వచ్చింది. తనిఖీ రిపోర్టులో మాత్రం ఫారంలో లోపమేమీ లేదని రాశారు. దానికేం చేస్తాం!

నేను రిటైరయ్యే నాటికి ఎక్స్ఛేంజిలోకి కంప్యూటర్లు వచ్చాయి. యంత్రం సమయాన్ని ఏ పని ఎంత తింటోందో ఒక కమాండు కొడితే తెర మీద వరసగా చూపించేది. ఆ వరసలో ఆ కమాండు పేరు కూడా ఉండేది, తాను ఎంత తింటోందో సహా. మనుషులు తయారుచేసిన ఫారంలో ఆ గడి ఉండదు. 1965 తరువాత ఏ లోడు రిపోర్టు నా బల్ల మీదకి వచ్చినా, రాసిందెవరు, ఆ సమయంలో వాళ్ళ అసలు పని ఎవరు చేశారు అని అడిగాకే సంతకం పెట్టాను.