నొప్పి లేదన్న అమ్మ

పోయిన వారం చేతి మీద కణితి తీయించుకోవడానికి నెల్లూరు వెళితే, అక్కడి నర్సు పిల్ల ముందుగా ఏదో క్రీము రాసి, గంటసేపు కూర్చోబెట్టి, ఆ తర్వాత సూది గుచ్చింది. గుచ్చిన సంగతే నాకు తెలియలేదు. ఎంత హాయో చూశారా అత్తయ్యా అని మా కోడలు మురిసిపోయింది గానీ, నాకు సంతోషమూ కలగలేదు, దుఃఖమూ కలగలేదు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరవైలలో సూదులు వాడి పారేసేవి కావు. దొరవారిసత్రం వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను కొత్త నర్సుని. సూదిని సానరాయి మీద నూరి, మొనను దూది మీద లాగి, పోగు చిక్కుకుంటే మళ్ళీ నూరి, నీళ్ళలో మరగబెట్టడం నా పని. మా డాక్టరమ్మ మహా కోపిష్టి, కానీ రోగికి నొప్పి తెలియకూడదని అంతకంటే పట్టుదల. నడుముకి మత్తుసూది వేసే ముందు, సన్నసూదితో చర్మం కింద కాస్త తిమ్మిరిమందు ఎక్కించి, అక్కడ మొద్దుబారిందో లేదో రోగినే అడిగి చెప్పమనేది.

ఒక వానాకాలం మా అమ్మకే గర్భసంచి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బల్ల మీద ఒంగి కూర్చున్న అమ్మకు సన్నసూది వేశాక, నడుము గిల్లి, తెలుస్తా ఉందా అని అడిగాను.

"ఏం తెలీడంలేదులేమ్మే, కానీమను" అంది.

అదే మాట డాక్టరమ్మకు చెప్పాను. పెద్దసూది దిగినప్పుడు అమ్మ కిక్కురుమనలేదు గానీ, నా మణికట్టు పట్టుకున్న ఆమె గోళ్ళు నాలుగూ నా చర్మంలో దిగబడ్డాయి. తిమ్మిరిమందు ఇంకా పట్టనేలేదని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడోనాడు గంజి తాగిస్తూ, ఎందుకమ్మా అబద్ధం చెప్పావని కసిరాను.

"నువ్వు నూరిన సూదే గదా. నొప్పంటే ఆయమ్మ నిన్నే గదమ్మే అరిచేది" అని, గంజిలో ఉప్పు చాల్లేదని తిరిగి నన్నే కసిరింది.

ఆ తర్వాత నేను రోగి మాటను నమ్మలేదు. గిల్లి, కాలివేళ్ళు చూసేదాన్ని. అవి ముడుచుకుంటే, ఇంకాస్త ఆగండి డాక్టరమ్మా అనేదాన్ని. ఆలస్యం చేస్తున్నానని తిట్లూ తిన్నాను. అలా ఎందరికో ఆ నొప్పి తప్పించాను, అమ్మకు తప్ప.

ఇప్పుడు సూదులు నూరే నర్సులూ లేరు, కూతురిని తిడతారని నొప్పి దాచుకునే తల్లులూ ఉండరు. మంచిదే. అమ్మ పోయాక చాలా ఏళ్ళు ఆ రోజు తలుచుకుంటే చాలు, కళ్ళనీళ్ళు ఆగేవి కావు. ఈమధ్య ఎంత తలుచుకున్నా ఏమీ అనిపించడం లేదు. అమ్మది అంటూ నాకు మిగిలింది ఆ బాధ ఒక్కటే, అదీ పోయింది.