మొకం లేని అమ్మ మీద రాసిన వ్యాసం

మా హెడ్మాస్టరుగారు రాష్ట్రాలు కలిసిన కొత్తలో కోస్తా నుంచి మహబూబ్‌నగర్ హైస్కూలుకు బదిలీ మీద వచ్చారు. మంచివారే. కాకపోతే ఆయన మంచితనం ఎప్పుడూ ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడేది. నేను అక్కడ చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకనాడు స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే ఆలంపూర్ గుళ్ళ మాట వచ్చింది. నేను ఆ శిల్పుల చేతిని కాస్త గట్టిగానే పొగిడాను. ఆయన సాసర్‌లో చాయ్ చల్లార్చుకుంటూ తాపీగా అన్నారు:

“గుళ్ళు మీ గడ్డమీదే ఉన్నాయండీ మాస్టారూ, కాదనను. కానీ చెక్కింది మీవాళ్ళేనంటారేమిటి? రాజులు ఎక్కడెక్కడి శిల్పుల్నో రప్పించుకుని ఉంటారు. ఇక్కడ బండలున్నాయి. శిల్పులెక్కడున్నారండీ?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఉన్నరు సార్. రుజువు నా దగ్గరున్నది” అన్నాను.

“అయితే అచ్చులో చూపించండి. నలుగురు పండితులు చదివే పత్రికలో మీ వ్యాసం వచ్చిననాడు ఈ గదిలోనే, అందరిముందూ ఒప్పుకుంటాను.”

డ్రిల్లు మాస్టరు, లెక్కల మాస్టరు, గంట కొట్టే చప్రాసీ అందరూ విన్నారు. ఇక వెనక్కి తగ్గితే నా పరువు గంగలో కలుస్తుంది. ఆయన నోటివెంట ఆ ఒక్క మాట అనిపించకపోతే నేను చరిత్ర మాస్టర్నే కాదనుకున్నాను.

రుజువు నిజంగానే ఉంది. ఆలంపూర్ పోయే దారిలో బస్సు దిగి, ఎడ్లబండి దొరికితే బండి మీద, లేకపోతే కాళ్ళ మీద పోతే ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి చివర జొన్నచేను గట్టున నిలువెత్తు రాతి స్త్రీ మూర్తి ఉంది. నడుముకు వడ్డాణం, చేతులకు కంకణాలు, కుచ్చిళ్ళ మడతలు, అన్నీ వేలితో తాకి చూడాలనిపించేంత ముచ్చటగా ఉంటాయి. మెడదాకా అంతే. మెడపైన ముఖం లేదు. విరిగిపోలేదు, అసలు చెక్కనే లేదు. కోడిగుడ్డులాంటి రాయి, దాని మీద మొన్న కొట్టినట్టున్న ఉలి గాట్లు, కాళ్ళ దగ్గర నేలలో అదే రాతి పెచ్చులు. ఏ కాలంలోనో ఎవడో శిల్పి, ఏం కష్టమొచ్చిందో పాపం, పని మధ్యలో వదిలి పోయాడు. ముఖం లేని బొమ్మను ఎవరూ దూరదేశం నుంచి మోసుకురారు. అంటే ఆ చెక్కుడు అక్కడే సాగింది; గుడీ కోటా లేని ఆ చేను గట్టుకు ఏ రాజూ బయటి శిల్పిని రప్పించడు. నా వాదమంతా ఆ లేని ముఖం మీదే నిలబడి ఉంది.

ఊరివాళ్ళు ఆమెను మొకం లేని అమ్మ అనేవారు. బొట్టు పెట్టడానికి నుదురు లేదు కనుక పసుపు కుంకాలు పాదాలకే. కండ్లు లేవు గనుక ఎవరి పక్షమూ చూడదని, గట్ల తగాదాలొస్తే ఆమె ముందే తీర్చుకునేవారు. ఆ చేను ఒక ముసలమ్మది. అమ్మ తన చేను గట్టు మీదే ఉండి కూడా తన వైపు చూడకపోవడం ఆ అవ్వకు జన్మలో తీరని బెంగ.

వ్యాసం రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో రాయాలి. ఆ శిల్పకళా చరిత్ర పత్రిక ఎక్కడో పెద్ద నగరం నుంచి వచ్చేది. అంతకుముందు నేను పంపినవి పోయిన దారినే తిరిగొచ్చాయి, ఫోటోలు లేవని. వెనక అట్ట మీద నియమాలు ఉండేవి. కాగితానికి ఒకవైపే టైపు చేయాలి. వరుసకూ వరుసకూ నడుమ జాగా వదలాలి. ఆధారాలన్నీ చివర అంకెలు వేసి చూపాలి. ఫోటోలు నిగనిగలాడే కాగితం మీద ఉండాలి, మడవకూడదు, వాటిమీద వేలిముద్ర పడకూడదు. పెళ్ళిసంబంధానికి కూడా ఇన్ని షరతులు పెట్టరు. నేను పొద్దస్తమానం ఆ గాట్ల కొలతలు, ఆ రాతి రంగు రాసుకుంటుంటే మా ఆవిడ ఒకనాడు చాట పక్కన పెట్టి అడిగింది: “గా రాయికి మొకం లేదని గింత పరేషాన్ అయితున్నరు, నాకున్న మొకం ఎప్పుడన్న గింత శ్రద్ధగ సూసిండ్రా?” నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఇంకో వ్యాసం రాయాల్సి వచ్చేది.

టైపు చేయించడానికి కచ్చేరి ముందు కూర్చునే టైపిస్టు దగ్గరికి పోయాను. జన్మంతా దరఖాస్తులు కొట్టిన మనిషి. మొన్నటిదాకా ఉర్దూలో కొట్టి, కొత్తగా ఇంగ్లీషు మిషను కొన్నాడు. కాగితం అందుకుని చూద్దును గదా, మొదటి వరుసలోనే “తమ దయకు పాత్రుడైన ఈ దరఖాస్తుదారు సవినయంగా మనవి చేసుకొనునది” అని ఉంది.

“ఏందయ్యా ఇది? ఇది దరఖాస్తు కాదు” అన్నాను.

“సార్, పెద్దోళ్ళకు పంపేటప్పుడు జర అదబ్, మర్యాద ఉండాలె. ఉత్త ముచ్చట రాస్తే లోపటికి గూడ తీస్కపోరు” అన్నాడు, నా మీద జాలిపడుతూ.

మొదటి పేజీ మళ్ళీ కొట్టించాను. చివరి పేజీలో మాత్రం “పై మూర్తి విషయమై దయతో విచారించి తగు ఉత్తర్వులు దయచేయ ప్రార్థన” అన్నది ఉండిపోయింది. చూసే వదిలేశాను. ఆలోచిస్తే నేను అడుగుతున్నదీ అదే.

ఇక ఫోటో. బస్టాండు పక్కన ఒక స్టూడియో ఉండేది. లోపల తెర మీద మహల్, మహల్ ముందు కొలను, కొలనులో హంసలు. ఎండకు కమిలిన మా పాలమూరు ముఖాలన్నీ ఆ కొలను ఒడ్డున నిలబడి ఫోటో దిగినవే. స్టూడియో ఆయనకు ఒక పంతం ఉంది: తన గడప దాటిన ఏ ముఖమూ వికారంగా ఉండకూడదు. నెగెటివ్ మీద పెన్సిలుతో, సన్న కత్తితో చెక్కి, మచ్చలు మాపేవాడు, కనుబొమలు తీర్చేవాడు, పెళ్ళికూతుళ్ళకు నుదుటి మీద ఒక ఉంగరం ముంగురు దించేవాడు. చివరకు చెంప మీద చిన్న దిష్టిచుక్క. “ఫోటోకు గూడ దిష్టి తాకుతది సార్” అనేవాడు. తాలూకా అంతటా పెళ్ళికూతుళ్ళు ఫోటోల్లో అక్కాచెల్లెళ్ళలా ఉండేవారు.

ఆయన్ని, ఆయన మూడుకాళ్ళ కెమెరాను బస్సెక్కించి ఆ ఊరికి తీసుకుపోయాను. నల్లగుడ్డ కింద తలపెట్టి, అలవాటు కొద్దీ “జర ఇటు సూడమ్మా” అన్నాడు రాతితో. గుడ్డలోంచి తల బయటపెట్టి, “సూడనీకి కండ్లేవి పాపం” అని నిజంగానే నొచ్చుకున్నాడు. చేను అవ్వ మాకు జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. ఆ రుచికి మురిసిపోయి, “అవ్వా, నీకొక ఫోటో అద్దం కట్టించి పంపిస్త” అని మాటిచ్చాడు. నేను కొలతలు సరిచూసుకుంటూ ఆ మాటను పట్టించుకోలేదు.

ఫోటోలు తయారయ్యాయని కబురు పెడితే పోయాను. రెండు అట్టల నడుమ పెట్టి, కవరులో పెట్టి, లక్కతో ముద్ర వేసి ఉంచాడు.

“ఒకసారి చూపియ్యవా?”

“మీరే జెప్పిండ్రు గద సార్, వేలుముద్ర పడొద్దని. తీస్తే ఖరాబైతది. ఫికర్ జేయకుండ్రి, ఫస్ట్‌క్లాస్ వచ్చింది.”

నా నియమాలు నాకే అప్పజెప్పాడు. ఏం అంటాను? అటునుంచి అటే పోస్టాఫీసుకు పోయి రిజిస్టరు చేశాను.

కొన్ని నెలలకు సంపాదకుడి జవాబు వచ్చింది. స్టాఫ్ రూములో, అందరి కళ్ళముందే విప్పాను. వ్యాసం ఆసక్తికరంగా ఉందట. అయితే రాతకూ ఫోటోకూ పొంతన లేదట. ముఖం చెక్కలేదని మీరు రాశారు, ఫోటోలో మాత్రం అపురూపమైన ముఖం ఉంది, పొరపాటున వేరే ఫోటో పంపినట్టున్నారు, సరైనది పంపితే వచ్చే సంచికలోనే వేస్తాం అన్నాడు. కింద ఇంకో మాట: ఈ ఫోటోలోని ముఖపు పనితనం చూస్తే శిల్పిని దూరప్రాంతం నుంచి రప్పించి ఉంటారని తోస్తోంది, ఎడమ చెంప మీది చుక్క ఇదివరకు ఏ మూర్తిలోనూ చూడలేదు, దాని అర్థం గురించి మీరు విడిగా రాస్తే బాగుంటుంది.

చుక్క అన్న మాట చదవగానే నాకు అంతా తెలిసిపోయింది.

“అచ్చయిందాండీ?” అన్నారు హెడ్మాస్టరుగారు.

“అయినట్టే సార్” అని సైకిలెక్కాను.

స్టూడియో గడపలోనే అందుకున్నాను. “ఓరి నాయినో, ఆమెకు మొకం పెట్టినవా?”

“పెట్టిన సార్! మస్తు వచ్చింది గదా? మూడు దినాలు కూసున్న దానికి.”

“మొకం లేదనేగదయ్యా నేను రాసింది!”

“రాస్తే రాసిండ్రు. నా స్టూడియోల కెళ్ళి మొకం లేని ఫోటో బయటికి పోతే నా ఇజ్జత్ ఏం గావాలె?”

“నెగెటివ్ కడిగితే పోదా?”

ఆయన ముఖం అప్పుడు కాస్త వాడింది. “పెన్సిలైతే పోతుండె సార్. నేను కత్తితోని గీకిన.”

సరే, నెత్తీ నోరూ కొట్టుకుని లాభం లేదు. రాయి ఎక్కడికీ పోదు కదా, మళ్ళీ తీద్దాం అన్నాను. కెమెరా, నల్లగుడ్డ, ఆయన, నేను మళ్ళీ బస్సెక్కాం. ఈసారి నా కళ్ళెదుటే నెగెటివ్ కడుగుతానని, పెన్సిలు, కత్తి ముట్టనని ఆయనతో వాళ్ళమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. సంపాదకుడు వేస్తానన్నాడు. హెడ్మాస్టరుగారి నోట ఆ మాట నాకు బస్సు చప్పుడులో కూడా వినిపిస్తోంది.

చేను దగ్గర అవ్వ మమ్మల్ని దూరం నుంచే చూసి ఎదురొచ్చింది. “రారి బిడ్డా, రారి! మీరొస్తరని రోజు సూస్తున్న” అంటూ నా చెయ్యి పట్టి గట్టు మీదికి లాక్కుపోయింది.

అమ్మకు ముఖం వచ్చింది.

సన్నటి కనుబొమలు. నుదుటి మీద ఉంగరం ముంగురు. ఎడమ చెంప మీద రాతిలోనే లేపిన చిన్న చుక్క. నుదుట రూపాయంత కుంకుమ. స్టూడియో ఆయన మాట తప్పలేదు, అద్దం కట్టించిన ఫోటో పంపించాడు. అవ్వ దాన్ని ఊరంతా తిప్పింది. ఫోటోలో ఉన్న మొకం రాతికెందుకు లేకపాయె అని పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. విసుర్రాళ్ళకు గంట్లు కొట్టే మేస్త్రి ఫోటోను ఎదురుగా పెట్టుకుని చెక్కేశాడు. ఉలి గాట్లు పోయాయి. కాళ్ళ దగ్గరి పాత పెచ్చుల్ని కూడా అవ్వ శుభ్రంగా ఊడ్చి బాయిలో పోసింది.

“ఇన్నేండ్లు ఎవరి దిక్కు సూడలే. గిప్పుడు సూడు, సక్కగ నా చేను దిక్కే సూస్తాంది” అంది అవ్వ.

నేను గట్టు మీద కూలబడ్డాను. నిజం చెప్తున్నాను, కళ్ళనీళ్ళు తిరిగాయి. స్టూడియో ఆయన మాత్రం ఆ దుఃఖానికి దూరంగా, రాతి ముంగురును తాను ఫోటోలో దించిన ముంగురుతో పోల్చుకుని మురిసిపోతున్నాడు.

“ఏమాయె బిడ్డా? మంచిగ రాలేదా?”

“నా వ్యాసం పోయింది అవ్వా. ఈ బొమ్మను బయటోళ్ళు కాదు, ఇక్కడోళ్ళే చెక్కిండ్రని రాసిన. సగం చెక్కిన ఆ మొకమే నాకు సాక్షి.”

అవ్వ నన్నూ, అమ్మనూ మార్చి మార్చి చూసింది. “గంతేనా? మరి గిప్పుడు ఇక్కడోడు చెక్కలేదా? గా చెక్కినోడు గదిగో చింత కింద రొట్టె తింటున్నడు. పిలువాల్నా? సాక్షి అంటివి, రాయి మాట్లాడుతదా? ఆడు మాట్లాడుతడు.”

నాకు ఏడుపులోంచే నవ్వొచ్చింది. మేస్త్రి రొట్టె ముక్క చేత్తోనే లేచి వచ్చాడు. “ముక్కు జర లావైంది సార్, రాయి సహకరించలే” అన్నాడు.

ఇంటికొచ్చి సంపాదకుడికి జాబు రాశాను. ఫోటోలోని ముఖం స్టూడియోవారి సొంత పని అని, రాతి మీది పాత గాట్లు ఇప్పుడు లేవని దాచకుండా రాశాను. ఆపైన తిక్క ఆగక ఇంకో రెండు మాటలు చేర్చాను. “ప్రస్తుతం మూర్తికి ఉన్న ముఖాన్ని చెక్కినది స్థానిక శిల్పియే. నేను స్వయంగా చూచి, మాటలాడి నిర్ధారించుకున్నాను. ఇంతటి బలమైన ఆధారం ఇదివరకు మీ పత్రికకు ఏ వ్యాసకర్తా చూపి ఉండడు.”

జవాబు పొట్టిగా వచ్చింది. వ్యాసం తిప్పి పంపుతున్నాం, జీవించి ఉన్న శిల్పులు మా పత్రిక పరిధిలోకి రారు అని.

దాన్ని పట్టుకెళ్ళి హెడ్మాస్టరుగారి చాయ్ కప్పు పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పాను. మొదట పెదవి బిగబట్టారు. ముంగురు దగ్గరికొచ్చేసరికి ఆయన వల్ల కాలేదు, పగలబడి నవ్వారు. ముక్కు లావు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరువాత జాబు మళ్ళీ ఒకసారి చదివి, గదిలో అందరికీ వినపడేలా అన్నారు:

“అయితే ఒప్పుకోవాల్సిందేనండీ మాస్టారూ. మీ ప్రాంతంలో శిల్పులున్నారు.”

“ఉన్నరు సార్” అన్నాను. “అచ్చులో ఎక్కాల్నంటే మాత్రం చచ్చేదాక ఆగాల్నట.”