నోరు కదిపితే చాలన్నారు

పోయిన నెలలో మా తమ్ముడి కొడుకు ఇంటికి వచ్చి, "అత్తా, ఈసారి చర్చిలో సంఘ వార్షికోత్సవానికి మీ బొమ్మల పాట స్టేజి మీద పెడతన్నాం, మీరు నలుగురూ రావాల" అన్నప్పుడు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. డెబ్బై దాటినదాన్ని, గోపాలపట్నంలో మా మేడ మెట్లు దిగడానికే రెండుసార్లు ఆగేదాన్ని, ఆ పూటే బీరువాలోంచి తెల్ల నేతచీర తీసి గంజి పెట్టించాను. పది రోజులు పొద్దున్నే అల్లం నీళ్లు తాగి గొంతు సవరించుకున్నాను. పక్కింటావిడ వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది కూడా.

తీరా రిహార్సలుకు వెళ్తే తెలిసింది సంగతి. పాట అప్పటికే పాడేశారు. మా యవ్వనస్థులు ఎక్కడో స్టూడియోలో కీబోర్డూ డ్రమ్సూ పెట్టి రికార్డు చేసేశారు. నేనూ, మా వదినా, మా చిన్నాన్న కొడుకూ, వాడి భార్యా, ఆ పాట తెలిసి ఇంకా బతికున్న నలుగురం, స్టేజి మీద నాలుగు పక్కలా తలో కుర్చీలో తెల్లబట్టలు కట్టుకుని కూర్చోవాలట. "మైకులు ఆపేత్తాం అత్తా, పాట ట్రాక్ మీద వచ్చేత్తాది. మీరు ఊరికే నోరు కదిపితే సాలు" అన్నాడు మా మేనల్లుడు, నాకేదో కష్టం తప్పిస్తున్నట్టు. పైగా నన్ను తీసుకెళ్లి అందరికంటే కింది శ్రుతిలో పాడే మగవాళ్ల అడుగుగొంతు వరసలో కూర్చోబెట్టారు. అది నా చోటు కాదురా అంటే, పాడేది లేనప్పుడు ఎక్కడైతేనేం, ఫొటోలో నాలుగు పక్కలూ నిండాలి గదా అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు చిరాకు ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ముప్పయ్యేళ్లు పోర్టులో టెలిఫోన్ ఆపరేటరుగా అవతలివాళ్ల కేకలు విని జీతం తీసుకున్నదానికి ఆ మాత్రం ఉండదా? కానీ ఇది చిరాకు కాదు. కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దవాళ్లు అన్నారు గాని, ఈ కాలంలో అది తిరగబడింది. పాతే వింతైంది. ఆ వింతను చూపించుకోవడానికి మన మొహాలు కావాలి గాని, మన గొంతులు మాత్రం అక్కర్లేదు.

మీలో నా ఈడువాళ్లు ఉంటే, అందులోనూ వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాళ్లుంటే, బొమ్మల పాట అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మా తాతల కాలంలో సముద్రం దాటి వచ్చిన ఒక దొరసాని, ఇక్కడి మనుషుల్లో సగం మందికి అక్షరం ముక్క రాదని చూసి, వాళ్ల దేశంలో పల్లెటూరివాళ్లు పాడుకునే పద్ధతి నేర్పిందట. స్వరానికి అక్షరం ఉండదు, బొమ్మ ఉంటుంది. ఫా అంటే మూడు మూలలది, సోల్ అంటే గుండ్రంది, లా అంటే నాలుగు పలకలది, మీ అంటే నిలబెట్టిన గాలిపటం లాంటిది. దొరసాని పెట్టిన పేర్లేవో గాని, మావాళ్లు వాటిని కొండ, గుండు, పెట్టె, గాలిపటం అనేవారు. ఏడు స్వరాలకు నాలుగే బొమ్మలా అని సంగీతం తెలిసినవాళ్లు ముక్కు విరుస్తారు. కొన్ని రెండేసిసార్లు వస్తాయి, పాట గీసిన గుడ్డమీద బొమ్మ పైన ఉందా కింద ఉందా అన్నదాన్ని బట్టి ఎత్తూ దించూ తెలిసేది. ఆ మాటకొస్తే తప్పు పట్టేవాళ్లకంటే పాడేవాళ్లే ఎక్కువ కాబట్టి మాకు ఆ బెంగ ఉండేది కాదు.

నెలకొక శనివారం, పోర్టులో ఒంటిపూట కూత అయ్యాక, మా చర్చి గుడి వెనక రేకుల షెడ్డులో బల్లలు నాలుగు పక్కలా ఎదురెదురుగా వేసేవారు. ఆడవాళ్లవి రెండు వరసలు, మగవాళ్లవి రెండు. మధ్యన ఖాళీ చోటు. అక్కడ ఒకరు నిలబడి చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తూ పాట నడపాలి. ముందు ఒకసారి మాటలు లేకుండా బొమ్మల పేర్లతో పాడి, అప్పుడు మాటలతో పాడేవాళ్లం. మధ్యన నిలబడ్డవాళ్లకే నాలుగు గొంతులూ ఒక్కచోట కలిసి వినబడతాయి. అందుకని ఆ చోటు ఏ ఒక్కరిదీ కాదు, పాట పాటకూ మారాలి, వంతు వస్తే పదేళ్ల పిల్లయినా సరే నిలబడాలి. మరో కట్టుబాటు ఏమిటంటే, షెడ్డులో అడుగుపెట్టినవాళ్లు వినడానికి వీల్లేదు. పెళ్లాన్ని ఇంటికి తీసుకుపోదామని గుమ్మం దగ్గర నిలబడ్డ మొగుణ్ణి కూడా రెక్క పట్టుకుని లాగి బల్లమీద కూలేసేవారు. రాగం రాకపోతే రెండు పాటలయ్యాక అదే వస్తుంది. బాగా పాడాలని ఎవరూ చెప్పేవారు కాదు, గట్టిగా పాడాలనే చెప్పేవారు.

మా పెదనాన్న పోర్టులో కలాసీ. సంతకానికి వేలిముద్ర వేసేవాడు గాని, బొమ్మలు చూశాడంటే గుక్క తిప్పుకోకుండా పాడేవాడు. అడుగుగొంతు వరసకు ఆయనే పెద్దదిక్కు, మిగతావాళ్లు ఆయన్ని పట్టుకునే పోయేవారు. ఆయన పక్కన ఆయన గ్యాంగులోనే పనిచేసే నేస్తం ఒకాయన కూర్చునేవాడు, విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. ఆదివారం మా గుడి గడప తొక్కడు, సింహాచలం అప్పన్న మొక్కు మానడు, శనివారం పాట మాత్రం తప్పడు. ఎవరైనా అడిగితే, "దేవుడి సంగతి దేవుడు సూసుకుంటాడు గానీ, పాటకి గొంతు కావాల గదేటి బావా" అనేవాడు.

దొరసాని నాటి కాగితాలు చెదలు పట్టిపోతుంటే, దుప్పట్లు కలిపి కుట్టి వాటిమీద పాటలన్నీ తిరగ రాసింది పెదనాన్నే. రాయడమంటే గీయడమే. మూడు నెలలు, పని దిగి వచ్చాక, వీధి అరుగుమీద దుప్పటి పరుచుకుని నల్లరంగుతో ఒక్కో బొమ్మే వేశాడు. అందులో ఒక పాటలో, అడుగుగొంతు వరసలో, చివరి చరణానికి కాస్త ముందు గుండు ఉండాల్సిన చోట కొండ వేసేశాడు. ఎవరూ గమనించలేదు, గుడ్డమీద ఉన్నది ఉన్నట్టు అందరూ పాడేశారు. అక్కడ నాలుగు గొంతులూ ఒక్క క్షణం ఒకదానికొకటి రాసుకుని, బల్లలు కూడా గుర్రుమన్నట్టు అయి, ఆ తర్వాత చరణంలోకి వచ్చి సర్దుకునేవి. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ పాట అలాగే ఉంది. చిన్నప్పుడు ఆ చోటు వస్తోందంటే పిల్లలమందరం కాళ్లు బిగబట్టుకుని కూర్చునేవాళ్లం.

అది తప్పని కనిపెట్టిన మహానుభావురాలిని నేనే. కాన్వెంటులో పియానో నేర్చుకుని, పరీక్ష పాసై, కొత్తగా ఉద్యోగంలో చేరి, భూమ్మీద కాలు ఆనకుండా తిరుగుతున్న ఇరవై రెండేళ్ల వయసు. మద్రాసు నుంచి పెద్ద సంఘంవాళ్లు నలుగురు మా పాట వినాలని వస్తున్నారంటే, వాళ్లను బల్లలమీద ఇరికించడం మర్యాద కాదని గోడవారగా విడిగా కుర్చీలు వేయించింది కూడా నేనే. ఆ పాట వంతు నాకు వచ్చింది. మధ్యన నిలబడి, మొదలుపెట్టే ముందు, అందరూ వింటుండగా అడుగుగొంతు వరసకేసి తిరిగి, ఫలానా చోట కొండ కాదు, గుండు పాడాలి, గుడ్డమీద తప్పు పడింది అని చెప్పాను. చెబుతున్నప్పుడు నా కళ్లు గోడవార కుర్చీల వైపే ఉన్నాయి.

పెదనాన్న గుడ్డ వంక చూశాడు, నా వంక చూశాడు. "సరేనమ్మా. నువ్వు సదూకున్నదానివి" అన్నాడు. అంతే.

పాట శుభ్రంగా వచ్చింది. మద్రాసువాళ్లు మెచ్చుకున్నారు, నేను మురిసిపోయాను. ఆ తర్వాత కూడా పెదనాన్న ఒక్క శనివారం మానలేదు. తన చోటులోనే కూర్చునేవాడు, అందరిలాగే పాటకు చెయ్యి ఆడించేవాడు, పెదాలు కదిలించేవాడు. గొంతు మాత్రం లేదు. ఎదురుగా ఆడవాళ్ల వరసలో కూర్చున్న నాకు అది తెలియకపోవడం కాదు. ముసలాయనకు పౌరుషం వచ్చిందిలే, నాలుగు రోజులు పోతే అదే పోతుంది అనుకున్నాను. ఒక్కసారి పక్కన కూర్చుని అడిగిన పాపాన పోలేదు. అడుగున ఆ గొంతు లేక పాట పలచబడింది, మిగతావాళ్లు దేన్ని పట్టుకోవాలో తెలియక తడబడ్డారు, అయినా తప్పు లేకుండా ఉంది గదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అలా ఆరేళ్లు గడిచాయి.

పెదనాన్న పోయినప్పుడు, ఆయన్ని మట్టి చేసి వస్తుంటే, దారిలో ఆ నేస్తం నా పక్కన నడుస్తూ చెప్పాడు. "మీ పెదనాన్న పౌరుసానికి మానేసినాడనుకున్నావేటమ్మా? కాదు. ఆ కొండొక్కటే కాదు, ఇంకెన్ని తప్పులు ఏసినానో, నా యెనక అందరూ తప్పు పాడతన్నారేటో అని బయం పట్టుకుంది మనిసికి. అలాగని రాకుండా ఉండనేకపోనాడు."  ఆ మాట చెప్పి ఆయన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు, మళ్లీ ఎప్పుడూ షెడ్డుకు రాలేదు.

తర్వాతి సంగతులు మీరూ చూసినవే. వన్ టౌన్ ఇళ్లలోంచి జనం గాజువాక క్వార్టర్లకు కొందరు, మధురవాడ అపార్టుమెంట్లకు కొందరు తరలిపోయారు. షెడ్డు తీసేసి మేడ కట్టారు, మేడలో ఏసీ పెట్టారు, బల్లలు పోయి అన్నీ స్టేజి వైపే తిరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. పాడేవాళ్లు ఐదుగురు మైకులు పట్టుకుని ఆ పైన, మూడు వందలమంది ఈ కింద. ఆ మూడు వందలమందీ నోరు తెరిచినా వాళ్ల గొంతు పక్కవాడికి కూడా వినబడనంత మోత. దాన్ని ఆరాధన అంటున్నారు. నా మటుకు నాకు అది సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది, ఈ మాట పాస్టరు అయ్యగారితో అంటే నవ్వి ఊరుకున్నారు.

సరే, ఆ రిహార్సలు దగ్గరికే వస్తాను. ట్రాక్ వేసి వినిపించారు. వాళ్లు ఎంచుకున్నది పెదనాన్న కొండ వేసిన ఆ పాటే. కంప్యూటరులో పెట్టి అన్ని గొంతులూ సాపు చేశారట, ఆ పాటలో ఆ చోటు కూడా. అక్కడ అడుగుగొంతు చక్కగా గుండు పాడింది. యాభై ఏళ్ల కిందట నేను సరిదిద్దినట్టే. స్టేజి మీద, పెదనాన్న వరసలో, నోరు కదిపితే చాలన్న కుర్చీలో కూర్చుని అది విన్నాను. ఒక మనిషి ఆరేళ్లపాటు గొంతు లోపలే మింగుకుని ఎలా కూర్చున్నాడో నాకు అప్పుడు తెలిసొచ్చింది. మేనల్లుడి మీద కోపం పోలేదు. కానీ వాడికంటే ముందు ఆ పని చేసినదాన్ని నేనే, వాడు నయం, నన్ను నలుగురిలో తప్పు పట్టలేదు.

వార్షికోత్సవం నాడు వెళ్లాను. వెళ్లననే అనుకున్నారు అందరూ. మైకు లేదు, లైట్లు కళ్లల్లో కొడుతున్నాయి, ట్రాక్ మోగుతోంది. మొదటి చరణం నుంచే నేను పాడాను. నోరు కదపడం కాదు, మా షెడ్డులో పాడినంత గట్టిగా, నా వరస కాని వరస, మగవాళ్ల అడుగుగొంతు, నాకు చేతనైన శ్రుతిలో. మా వదిన ఉలిక్కిపడి నా వంక చూసి, తనూ గొంతెత్తింది. తర్వాత మిగతా ఇద్దరూ. ట్రాక్ మమ్మల్ని మింగేస్తూనే ఉంది. చివరి చరణానికి ముందు ఆ చోటు వచ్చింది. నేను కొండే పాడాను. ట్రాక్ గుండు పాడుతుంటే దాన్ని రాసుకుంటూ కొండ పాడాను, ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకున్నాను. ముందు వరసల్లో కొందరు తలలెత్తారు, కీబోర్డు కుర్రాడు నొసలు ముడిచాడు. ఎదురుగా ఉన్న మా వదిన కళ్లు తుడుచుకుంటోంది. మా పిల్లలకు అది ముసలమ్మ గొంతు జారినట్టే వినబడి ఉంటుంది. వినబడనీ. ఆ పాట మాది, ఆ తప్పు మా పెదనాన్నది.

పాట అయ్యాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. మా మేనల్లుడు స్టేజి మెట్ల దగ్గర చెయ్యి అందిస్తూ, "సూపరత్తా, అందరూ ఎంత బాగా ఇన్నారో సూసినావా" అన్నాడు. నిజంగానే సంతోషపడుతున్నాడు పిచ్చితండ్రి. ఇప్పుడు రా, నలుగురు పిల్లల్ని పిలుచుకురా, ఈ కుర్చీలు ఎదురెదురుగా తిప్పి కూర్చుని పాడదాం అన్నాను. "తర్వాత ఐటమ్ ఉందత్తా" అని మైకు వైర్లు సర్దుకుంటూ వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక కూడా చప్పట్లు ఆగలేదు. మద్రాసువాళ్లు వచ్చిన ఆ ఒక్కనాడు తప్పిస్తే, మా షెడ్డులో అన్నేళ్లలో ఒక్కసారైనా చప్పట్లు మోగిన గుర్తు నాకు లేదు. కొట్టడానికి పాట బయట ఎవరినైనా మిగిలిస్తే గదా.