మొక్కు అత్తది, జుట్టు నాది

ఆ రోజుల్లో సముద్రం అవతల ఉన్న మొగుడి దగ్గరికి కాపురానికి పోవాలంటే మొగుడు రమ్మంటే చాలేది కాదు. ఇటు సర్కారు పొమ్మనాలి, అటు సర్కారు రమ్మనాలి, మధ్యలో ఊరి మునసబు మొదలుకొని సూదిమందు వేసే డాక్టరు దాకా అందరూ సరేననాలి. ఇప్పటి పిల్లలు ఫోను మీద వేలు ఆడించి అర్జీ పెట్టేసి, జవాబు పది రోజులు ఆలస్యమైతే కొంప మునిగినట్టు విసుక్కుంటుంటే నాకు నవ్వొస్తుంది. నా కాపురం కోసం నేను కాగితాలు పెట్టడంతో సరిపోలేదు, గుండు కూడా చేయించుకున్నాను. (నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు లెండి, అప్పట్లో మా వీధి వీధంతా నవ్వింది.)

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. మాది వడమాలపేట దగ్గర పల్లె. మా ఆయనకు సిలోన్‌లో, కొండల మీద టీ తోటలో పని. సెలవు పెట్టి వచ్చి, నన్ను పెండ్లి చేసుకుని, పదకొండు రోజులుండి మళ్ళీ ఓడెక్కాడు. ఆ పదకొండులో మూడు రోజులు చుట్టాలకు పోయాయి, రెండు రోజులు ఆయనకు జ్వరం. మిగిలిన వాటిలో ఒక మధ్యాహ్నం మాత్రం నాకు అచ్చుగుద్దినట్టు గుర్తుంది. మా అత్త చేనికి పోయింది. నేను తలంటుకుని వసారాలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఆయన వచ్చి వెనక కూర్చుని, దువ్వెనతో చిక్కులు తీశాడు. మోకాళ్ళ దాకా జుట్టు, చిక్కులకేం కొదవ? వాకిట్లో అత్త అలికిడి వినబడగానే దువ్వెన చూరులో దోపి, ఏదో పనున్నట్టు ఎద్దుల దగ్గరికి పరిగెత్తాడు.

ఆ తరువాత రెండేళ్ళు. ఉత్తరాలు వచ్చేవి, మా అత్త పేరు మీద. పెండ్లానికి విడిగా రాస్తే ఊరంతా నవ్వే కాలం అది. నేను అయిదో తరగతి చదివినదాన్ని గనుక నేనే గట్టిగా చదివి వినిపించాలి. ఎద్దు కాలు నయమైందా, వానలు పడినాయా, అన్నీ అడిగి, చివర 'ఇంట్లో అందరినీ అడిగినానని చెప్పేది' అని ఉండేది. ఇంట్లో ఉన్నదేమో మా అత్త, నేను, రెండెద్దులు. ఆ 'అందరి'లో నా వాటా ఎంతా అని ఆ ఒక్క వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకునేదాన్ని. చెప్పుకోకూడదు గానీ, చాలా ఒంటరిగా ఉండేది. నాతోటి పెండ్లయిన వాళ్ళు చంకలో బిడ్డలతో బావి దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను బిందె ముంచుకుని తొందరగా ఇంటికొచ్చేసేదాన్ని.

అప్పుడొచ్చింది కొత్త కబురు. ఇకమీదట కాగితం లేకుండా సిలోన్‌లో ఎవరినీ దిగనీయరట. 'ఈమె నా భార్య, ఈమె పోషణ పూచీ నాది' అని మా ఆయన అక్కడ అర్జీ పెట్టాడు. ఇక్కడ పూర్తి చేయవలసిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇలాంటివాటికి మా మేనమామ ఉండనే ఉన్నాడు. తాలూకా కచేరీ వసారాలో కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడు, అందుకే ఊళ్ళో అందరికీ అర్జీల మామ.

"పెండ్లయినట్టు రుజువు కావాలంట," అన్నాడు మామ కాగితం చూసి.

"రుజువేందన్నా? పిల్ల ఈడనే ఉండాది గదా!" అంది మా అత్త.

పిల్ల ఉంటే చాలదని, మునసబు రాసివ్వాలని తేలింది. ఆయన ఊరికే సంతకం పెట్టే మనిషి కాదు. నిజాయితీపరుడు. తాళి కట్టేటప్పుడు తాను లేనని, పంక్తి వేళకే వచ్చానని, 'సదరు వివాహములో నేను స్వయముగా భోజనము చేసినందున వివాహము జరిగినదని ఎరుగుదును' అని రాసిచ్చాడు. (పాయసం మూడుసార్లు వేయించుకున్న సంగతి మాత్రం రాయలేదు.) ఆ తరువాత తిరుపతికి పోయి ఫోటో తీయించుకున్నాం. మొహం కనబడితే చాలని మామ ఎంత చెప్పినా మా అత్త వినలేదు. "అంత జడ పెట్టుకోని దాస్తారా యేంది?" అని జడను భుజం మీదుగా ముందుకు వేయించి, దాని నిండా కనకాంబరాలు చుట్టించింది. ఫోటోలో ముందు జడ కనిపిస్తుంది, ఆ తరువాత నేను.

కాగితాలు పోయాయి. నెలలు గడిచాయి. మా అత్తకు నామీద ప్రేమో, కొడుకు తన చేతి వంట తానే తిని చిక్కిపోతున్నాడన్న దిగులో, ఒకరోజు తిరుపతి కొండవైపు తిరిగి చేతులెత్తి మొక్కేసింది. "సామీ, నా కోడలికి పర్మిట్టొస్తే తలనీలాలిస్తా!"

"ఎవరివత్తా?" అన్నాను, అనుమానమొచ్చి.

"నీవే మే. నా తలలో యేముండాది, నాలుగు నెరిసిన పోగులు. సామికి ఇచ్చేదానికి నాకే సిగ్గు."

ఒకనాడు సర్కారు ముద్రతో లావుపాటి కవరొచ్చింది. మామ ఏదో సాక్ష్యం పని మీద చిత్తూరు పోయి ఉన్నాడు. ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు, చదివించుకునే ఓపిక అత్తకు లేదు. "ముద్ర ఉండాది, ఇంకేం కావాల? మొక్కు తీర్సకుండా సముద్రం దాటితే సామి ఊరుకుంటాడా?" అని మరునాడే నన్ను ఘాట్ బస్సెక్కించింది. కల్యాణకట్టలో కత్తి పట్టిన పెద్దాయన నా జుట్టు చేతిలోకి తీసుకుని జాలిగా చూశాడు. "ఆడబిడ్డకి మూడు కత్తెర్లిస్తే సాలదా తల్లీ?" అన్నాడు. నేను ఆశగా అత్త వైపు చూశాను. "పూర్తిగానని మొక్కుకుంటి నాయనా," అందామె. మా ఆయన దువ్విన జుట్టు నా కళ్ళెదుటే తడి కుప్పై పడింది. భక్తితో కన్నీళ్ళొచ్చాయని అత్త అనుకుంది, నేను కాదనలేదు.

గంధం పూసిన గుండుతో దిగి వచ్చేసరికి మామ ఇంట్లో ఉన్నాడు. కవరు చదివాడు. నావైపు చూశాడు. మళ్ళీ కవరు చూశాడు.

"సెల్లెమ్మా, ఇది పర్మిట్టు గాదు. ఫోటోలో ఉండే మనిషి ఈ మనిషేనా అని సూసేదానికి మద్రాసుకు రమ్మన్నారు."

మా అత్త నా గుండు వైపు చూసింది, కొండవైపు చూసింది. చివరికి, "వాయిదా పెట్టించన్నా, జుట్టొచ్చేదాకా," అంది. మోకాళ్ళ దాకా రావాలంటే ఎన్నేళ్ళో! చెప్పిన రోజుకు పోకపోతే అర్జీ కొట్టేస్తారట. పైగా ఆ మధ్య దొంగ భార్యలు బయలుదేరారని, ఒకరి పేరుతో మరొకరు ఓడెక్కుతున్నారని మామ చెప్పాడు. గుండు మీద కొంగు కప్పుకుని ఆయనతో మద్రాసు రైలెక్కాను.

మద్రాసు ఆఫీసులో ఆఫీసరు కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు. ఫోటో చూశాడు.

"ఈ జడ ఎక్కడ?"

"సామి దగ్గరుండాది సార్," అన్నాడు మామ.

"తిరుపతి పోతే గుండు చేయించుకుంటారని నాకు తెలుసు. అక్కడ ఓడ దిగేచోట కూర్చున్న దొరకు తెలుసా?" అని ఆయన మా ఆయన పెట్టిన అర్జీ తీశాడు. "ఇవి భర్త స్వయంగా రాసిన గుర్తులు. ఒకటి, మోకాళ్ళ వరకు జుట్టు."

అయిపోయింది అనుకున్నాను. మళ్ళీ ఆ వసారా, ఆ బావి, ఆ 'అందరినీ అడిగినానని చెప్పేది'.

"రెండు," అన్నాడు ఆఫీసరు, "నడినెత్తికి ఎడమ పక్క, జుట్టు కింద, చింతగింజంత మచ్చ."

నేను బిత్తరపోయాను. చిన్నప్పుడు చింతకాయలకు రాయి విసిరితే అది తిరిగొచ్చి నా నెత్తినే పడింది. (ఎవరి నెత్తినైనా పడి ఉంటే చెప్పుకునేదాన్ని.) ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం చిక్కులు తీస్తూ చూసి ఉంటాడు. చూసి, రెండేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు.

"తల వంచమ్మా," అన్నాడు ఆఫీసరు. కొంగు తీసి వంచాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, "ఉంది," అన్నాడు. "జుట్టుంటే ఇది నాకు కనబడేదే కాదు. దొరకు కూడా ఇదే చూపించు, నేను రాసిస్తున్నాను." ముద్ర కొట్టాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "జుట్టు మళ్ళా వస్తాదిలే పాపా," అని మామ ఓదార్చాడు. జుట్టు కోసం ఎవరేడ్చారు? రెండేళ్ళ ఉత్తరాల్లో నాకని ఒక్క మాట లేదని కుమిలిపోయాను గదా, ఆ మాట సర్కారు కాగితంలో ఉంది.

మామ నన్ను ఓడ దాకా తెచ్చి, సిలోన్ పోతున్న మన వైపు కుటుంబానికి అప్పగించాడు. ఆ గట్టున దిగి, దొరకు తల చూపించి, రైల్లో కొండల్లోని స్టేషను చేరాను. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నా ముందు నుంచే రెండుసార్లు అటూ ఇటూ పోయాడు. జడ కోసం వెతుకుతున్నాడు మహానుభావుడు! మొగుడి పేరు పలకకూడదు గనుక "ఇదో!" అని పిలిచాను. నలుగురు మొగుళ్ళు తిరిగి చూశారు, నా మొగుడు తప్ప. ఇక లాభం లేదని ఎదురుగా పోయి, కొంగు తీసి, తల వంచి నిలబడ్డాను. ఆయన వేలు నెమ్మదిగా వచ్చి మచ్చ మీద ఆగింది.

"ఏందే ఇది?"

"మీయమ్మ మొక్కు."

"మాయమ్మ జుట్టు?"

"భద్రంగా ఉండాది."

అంతమంది మధ్య ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ జుట్టు మళ్ళీ పెరిగింది, మోకాళ్ళ దాకా మాత్రం ఎన్నడూ రాలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్ళవుతోంది. ఇప్పుడు నా జుట్టు అప్పటి మా అత్త జుట్టే, నాలుగు నెరిసిన పోగులు. మొన్న మనవరాలు తల దువ్వుతూ, "అవ్వా, నెత్తి మీద ఏందో మచ్చ కనిపిస్తా ఉండాది, పూలు పెట్టి కప్పేదా?" అంది.

"వద్దులే పాపా, కనబడనీ," అన్నాను. "మీ తాత నన్ను కనుక్కోవాల గదా." ఈసారి కూడా ఆయన ముందు జడ కోసమే వెతుకుతాడు, నాకు తెలుసు.