తారక్ సార్ ఉప్పు పాఠం

తారక్‌కి రాని పాఠం ఉండొచ్చు గాని, చెప్పలేని పాఠం లేదు. నవ్వకండి, అమీర్‌పేటలో ఈ రెండూ వేర్వేరు విద్యలు. తెనాలి నుంచి ఎంసీఏ పట్టా పట్టుకొచ్చి, కంపెనీల ఇంటర్వ్యూల్లో నీళ్లు నమిలి, చివరికి తాను కోర్సు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే మరుసటి నెల నుంచి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూలో పెగలని నోరు బోర్డు ముందు మాత్రం గలగలా పారేది. జావా చెప్పాడు, డాట్‌నెట్ చెప్పాడు. పీహెచ్‌పీకి గిరాకీ పెరిగిందని యజమాని రాజనర్సయ్య అనగానే వారం తిరక్కుండా పీహెచ్‌పీ సార్ అయిపోయాడు.

ఆ గల్లీలో ఏ కోర్సుకైనా ముందు డెమో క్లాసు ఊరికే చెబుతారు. పిల్లలు నాలుగు చోట్ల విని, నచ్చినచోట చేరతారు. ఈసారి రాజనర్సయ్య ముందే తేల్చేశాడు.

"బ్యాచ్ నిండకపోతే బ్యాచ్ ఉండది తమ్మీ, నువ్వు సుత ఉండవు."

డెమో రోజు పొద్దున తారక్ పాస్‌వర్డులు దాచే ఫంక్షన్ ఎత్తుకున్నాడు. మనమిచ్చిన పాస్‌వర్డుకి అది తనంతట తాను చిటికెడు అక్షరాలు కలిపి, ఆనవాలు పట్టలేకుండా రుబ్బేస్తుందనీ, ఆ చిటికెడునే సాల్ట్ అంటారనీ చెప్పాడు. అందరూ కళ్లప్పగించి విన్నారు. రుబ్బినదాన్ని దాచాడు. ఇక లాగిన్ చూపిద్దామని అదే పాస్‌వర్డు కొట్టి, మళ్లీ రుబ్బించి, పాతదానితో పోల్చాడు. తప్పు పాస్‌వర్డు అంది తెర. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే మాట. రుబ్బిన ప్రతిసారీ కొత్త ఉప్పు పడుతుంటే రెండూ ఒకేలా ఎందుకుంటాయి? పాపం, ఆ సంగతి అతనికి తట్టలేదు.

గుండె జారింది గాని నోరు జారలేదు.

"చూశారా, సెక్యూరిటీ అంటే ఇదీ. రాసిన నన్నే రానివ్వడం లేదు."

గదంతా చప్పట్లు. చివర్లో యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉండే యశస్విని లేచి, మరి అసలు మనిషి లోపలికి ఎట్ల పోవాలె సార్ అని అడిగింది. అది రేపటి పాఠమని బోర్డు తుడిచేశాడు తారక్. చాలామంది పేర్లిచ్చారు గాని, చేరడం మాత్రం ఆ రేపటి పాఠం విన్నాకే అన్నారు. రాజనర్సయ్య సంబరపడి టీ తెప్పించాడు. తారక్ గ్లాసు ముట్టకుండా రేపటి పాఠం వెతకడానికి లేచాడు.

జిరాక్స్ మెటీరియల్ తిరగేస్తే పాఠం రుబ్బడం దగ్గరే ఆగిపోయింది. నెట్‌లో చదివితే ఇంగ్లీషు అర్థమైంది గాని సంగతి అర్థం కాలేదు. పంజాగుట్టలో కేదార్ అనే ఆయన సాయంత్రం ఇదే పాఠం డెమో ఇస్తున్నాడని తెలిసి, టోపీ కళ్లమీదికి లాక్కుని వెళ్లి చివరి బెంచీలో నక్కాడు.

కేదార్‌కి సబ్జెక్టు వచ్చు. కాకపోతే పిల్లలకి వీపు చూపించి, తెరతో గుసగుసలాడతాడు. అయినా తారక్ చెవులు రిక్కించి, విన్నది విన్నట్టు కాగితం మీద రాసుకున్నాడు. దాచినదాని మొదట్లోనే పాత ఉప్పు ఉంటుందట. లాగిన్ చేసేటప్పుడు కొట్టిన పాస్‌వర్డుతో పాటు ఆ దాచినదాన్ని కూడా ఫంక్షన్‌కి ఇస్తే, అది పాత ఉప్పునే తీసి కలుపుతుందట. అప్పుడు రెండూ ఒకటవుతాయి. తెర మీద స్వాగతం అని వచ్చింది. తారక్‌కి ప్రాణం లేచొచ్చి, ఆ ఆనందంలో "ఓస్, ఇంతేనా" అని పైకే అనేశాడు.

సరిగ్గా అతని ముందున్న బెంచీలోంచి ఒక తల ఇటు తిరిగింది. యశస్విని. ఆమె పక్కనా, ఆ ముందు బెంచీల్లోనూ పొద్దున తనకి చప్పట్లు కొట్టినవాళ్లే. తారక్‌కి తల కొట్టేసినట్టయింది. బ్యాచ్ పోయింది, ఉద్యోగం పోయింది అనుకున్నాడు. టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

ఆ పిల్ల అతని టోపీనీ, చేతిలో కాగితాన్నీ తీరిగ్గా చూసి, గొంతు తగ్గించింది.

"జర మంచిగ రాస్కోండి సార్. ఈ సార్ చెప్తే మాకేం సమజ్ కాలే. రేపు మీరే చెప్పాలె."