సుడులు చూసి గుర్రం కొనబోయాం

మా హాసినికి పదేళ్లు. ఏడాదిపాటు ప్రతి శనివారం విజయవాడ పటమట నుంచి ఊరి చివరకు గుర్రపు స్వారీ నేర్పించడానికి తీసుకెళ్లేవాణ్ణి. ఈ వేసవిలో ఆ శిక్షణ కేంద్రం మూతపడింది. తను ఎక్కే పొట్టి గుర్రాన్ని ఎవరికి అమ్మేశారో కూడా చెప్పలేదు. పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు. బడిలో నోరు విప్పదని టీచర్లు చెప్పే పిల్ల, జీను మీద కూర్చుంటే మాత్రం గలగలా మాట్లాడేది. ఆ మాటలు ఆగిపోతాయేమోనని నా భయం. అందుకే ఒక గుర్రం కొనిపెడదామనుకున్నాను. కంకిపాడు దగ్గర స్నేహితుడి తోటలో షెడ్డు కూడా కుదిరింది. మీకూ ఇలాంటి ఆలోచన ఉంటే నా నిర్వాకం చదివి బయలుదేరండి.

పామర్రు దగ్గర ఒకాయన గుర్రాలు అమ్ముతున్నాడని తెలిసి, ఆదివారం ఉదయం ఆరున్నరకు కారులో బయలుదేరాం. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటి పామర్రు చేరడానికి, మధ్యలో టిఫినుకు ఆగడంతో కలిపి, గంటన్నర పట్టింది. కారు లేకపోతే బస్టాండులో బందరు బస్సు ఎక్కి పామర్రులో దిగండి, అక్కడి నుంచి ఆయన దొడ్డి దాకా ఆటోవాళ్లు వంద రూపాయలకు వస్తారు. వెంట మా బాబాయి ఉన్నాడు. నలభై ఏళ్లు ఎడ్ల బేరాల్లో తిరిగిన మనిషి. ఒంటి మీద వెంట్రుకల సుడి ఎక్కడుందో చూసి, ఏ ఎద్దు ఇంటికి అచ్చొస్తుందో చెప్పేవాడు. గుర్రానికీ అదే చాలనుకున్నాం. ఇంత చదువుకున్న నాకూ వేరే మాట తోచలేదు.

గుర్రాలాయన పేరు మస్తాన్. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిస్తాడు. అమ్మకానికి రెండున్నాయి. ఒకటి వయసు మళ్లిన ఎర్ర ఆడగుర్రం, రెండోది మిలమిలలాడే తెల్లది. హాసిని నేరుగా ఎర్రదాని దగ్గరికి వెళ్లి మెడ నిమిరింది. అది కదలకుండా నిలబడింది.

"పాపకైతే ఇదే తీసుకోండి సార్. నా మనవలందరూ దీని మీదే నేర్చుకున్నారు" అన్నాడు మస్తాన్.

బాబాయి దాని చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "వీపు మీద సుడి చూడరా. ఇది గడప తొక్కితే ఇంక అంతే. తెల్లదానికి ఎక్కడా వంక లేదు."

"అది పెళ్లిళ్ల గుర్రమండీ. డప్పు వినపడితే ఆగదు" అన్నాడు మస్తాన్.

"మా స్నేహితుడి తోటలో డప్పులెవరు కొడతారండీ?" అని నవ్వాను. హాసిని నా చెయ్యి లాగుతూనే ఉంది. "ఉండమ్మా, పెద్దవాళ్లు మాట్లాడుతున్నాంగా" అన్నాను.

తెల్లదాని మీద హాసిని పొలం గట్టున రెండు చుట్లు బాగానే తిరిగింది. పదకొండు కావస్తుండగా రోడ్డు మీదుగా ఒక పెళ్లి బృందం డప్పులతో వచ్చింది. గుర్రం ఒక్కసారిగా ముందు కాళ్లు రెండూ పైకెత్తి ఆడటం మొదలుపెట్టింది. ఎన్నో పెళ్లిళ్లలో చప్పట్లు కొట్టించుకున్న ఆట అది. మస్తాన్ పరిగెత్తి కళ్లెం పట్టుకునేలోపే పిల్ల గట్టు మీద పడింది. మోచెయ్యి విరిగింది. వెంటనే విజయవాడ ఆసుపత్రికి బయలుదేరాం.

కారులో హాసిని ఏడుస్తూనే అడిగింది. "నాన్నా, దాన్ని కొట్టొద్దని ఆయనకు చెప్పు. వాళ్లు నేర్పిందే చేసిందిగా."

అప్పుడు నాకు బతకాలనిపించలేదంటే అతిశయోక్తి కాదు. పదేళ్ల పిల్లకు అర్థమైన విషయం నాకెందుకు ఎక్కలేదు?

కట్టు విప్పి రెండు నెలలైంది. చెయ్యి బాగానే ఉంది. పోయిన ఆదివారం, "ఎర్రదాన్ని చూసొద్దామా?" అని అడిగాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "పరీక్షలున్నాయి నాన్నా" అంది. పరీక్షలు అయిపోయి పది రోజులైంది. నన్ను బాధపెట్టకూడదని అబద్ధమాడిందని తెలిసి, సరేనన్నాను. ఇప్పుడు ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించేసింది. దాన్ని మళ్లీ ఎలా మాట్లాడించాలో నాకు తెలియడం లేదు.

మీకు ఒక్కటే చెబుతాను. పిల్లల కోసం గుర్రాన్ని చూడబోతే, అది ఇన్నేళ్లూ ఏ పని చేసిందో యజమానిని అడగండి. నేను అడక్కుండానే మస్తాన్ చెప్పాడు. నేనే నవ్వాను.